జెండా దించిన తేదీ

కువైట్,
1990 జూన్ 9

తమ్ముడు సుధాకర్‌కు,

అక్క వెంకటేశ్వరి రాస్తున్నది. నాకు ఒంట్లో బాగానే ఉంది. అక్కడ నువ్వు, మరదలు గంగారత్నం, నా బిడ్డ అరుణజ్యోతి బాగున్నారని అనుకుంటాను.

పాత ఇల్లు ఎందుకు మానేశావు, ఈ కొత్త సార్ ఎవరు అని అడిగావు. పాత ఇంట్లో పదకొండు మందికి వంట, బట్టలు, పిల్లల పని అన్నీ నావే. ఇక్కడ సార్, ఆయన భార్య ఇద్దరే. ఇంటావిడను ఇక్కడ మామా అనాలి. వంట ఒక్కటే నా పని.

సార్‌ది కువైట్ కాదు. ఆఫ్రికా ఖండం పైకొనలో సముద్రం ఒడ్డున ఉండే దేశం. ఆ దేశానికి ఇక్కడ రాయబారి. కింద ఆఫీసు, మేడ మీద ఇల్లు, మిద్దె పైన వాళ్ళ జెండా. నన్ను ఇక్కడ పెట్టించింది డ్రైవర్ కరీముల్లా. మన వీధి చివరి ఇంటి గౌసియా బీ మొగుడు. సార్ సంగతులన్నీ ఆయనే చెప్పాడు.

సార్ తండ్రి నూనె గానుగలో గుమాస్తా. ఈయన బాగా చదివి, ప్రభుత్వ ఖర్చుతో పారిస్ పోయి పెద్ద చదువు చదివాడు. నలభై ఒకటో ఏట ఆర్థిక మంత్రి అయ్యాడు. అయిన రెండో సంవత్సరం రొట్టె ధర పెంచాడు. మూడో రోజుకు జనం బజార్లు తగలబెట్టారు. రొట్టె ధర మళ్ళీ దించి సార్‌ను తీసేశారు. తీసేశామని చెప్పకుండా రాయబారి పదవి ఇచ్చి బయటికి పంపారు. మొదట ఏదో మంచు కురిసే దేశానికి, తర్వాత ఇక్కడికి. కువైట్ వాళ్ళతో మంచిగా ఉంటూ తన దేశానికి సహాయం తెప్పించడం ఆయన పని. మళ్ళీ మంత్రి కావాలని ఆశ. ఫోను మోగితే ముద్ద నోట్లో ఉండగానే లేస్తాడు.

మనిషి మర్యాదస్తుడు. ఇంతవరకు గొంతు పెంచలేదు. కూర బాగుంటే వంటింటి దాకా వచ్చి చెప్పి పోతాడు. పాస్‌పోర్టు అన్ని ఇళ్ళలో లాగే ఇక్కడా కఫీల్ దగ్గరే, అంటే పనిలో పెట్టుకున్న ఆయన దగ్గరే ఉంటుంది. కింద ఆఫీసు బీరువాలో పెట్టానని సార్ చెప్పాడు. సెప్టెంబరులో సెలవు ఇస్తానన్నాడు.

అరుణజ్యోతి ఏడో తరగతి ఫలితం రాయి. గంగారత్నానికి పని ఎక్కువైతే దాన్ని కూడా పనిలో పెట్టు. బడి మాత్రం మాన్పించొద్దు.

మీ అక్క
వెంకటేశ్వరి


రాజంపేట,
1990 జూన్ 27

అక్కకు,

సుధాకర్ నమస్కారాలు. నీ ఉత్తరం పదమూడు రోజులకు వచ్చింది. మేము ముగ్గురం బాగున్నాము. అరుణజ్యోతి పాసయింది. ఎనిమిదిలో చేర్చాను. లెక్కల్లో నూటికి ఎనభై రెండు. పుస్తకాలకు అట్టలు గంగారత్నమే వేసింది.

నాకు రాయచోటి రూటు పోయి నందలూరు రూటు పడింది. అదీ ఒకందుకు మంచిదే, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావచ్చు. మా అక్క రాయబారి ఇంట్లో ఉందని బస్సులో చెబితే ఎవరూ నమ్మడం లేదు. మంత్రిగా చేసినాయనకు వండి పెడుతుంది అంటే అసలు నమ్మడం లేదు.

ఒక సంగతి. అటువంటి పెద్దమనిషి ఇల్లు దొరకడం మాటలు కాదు. ఆయన మాట జవదాటొద్దు. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యి. రేపు ఆయన మళ్ళీ మంత్రి అయితే నాకు ఎక్కడో ఒకచోట డ్రైవరు వీసా ఇప్పించలేడా? కండక్టరు పనిలో ఎదుగూ బొదుగూ లేదు. సమయం చూసి నువ్వే మామా చెవిన వెయ్యి.

సెప్టెంబరులో ఏ తేదీయో ముందుగా రాస్తే సెలవు పెడతాను.

తమ్ముడు
సుధాకర్


కువైట్,
1990 ఆగస్టు 26

సుధాకర్‌కు,

నేను ప్రాణాలతో ఉన్నాను. ముందు ఆ మాట అరుణజ్యోతికి చెప్పు, తర్వాత మిగతాది చదువు.

పోస్టు లేదు, ఫోన్లు లేవు. మంగఫ్‌లో ఉండే మన పెంచల్ రేపు ఇరాక్ మీదుగా అమ్మాన్‌కు బయలుదేరుతున్నాడు. అక్కడి నుంచి మన ప్రభుత్వం విమానాల్లో బొంబాయికి చేరుస్తున్నదట. ఈ ఉత్తరం అతని చేతికి ఇస్తున్నాను.

రెండో తేదీ తెల్లవారే సరికి ఇరాక్ సైన్యం వీధుల్లో ఉంది. ఇక కువైట్ అనే దేశం లేదు, కాబట్టి రాయబారులందరూ ఇరవై నాలుగో తేదీలోగా ఆఫీసులు మూసి పోవాలని ఉత్తర్వు ఇచ్చారు. కొందరు మూశారు, కొందరు మూయం అన్నారు. మా సార్ రెండూ చెప్పలేదు. ఇరవై రెండో తేదీ ఉదయం నన్ను ఆఫీసులోకి పిలిచి కుర్చీలో కూర్చోమన్నాడు. అట్లా ఎప్పుడూ అనలేదు.

“నేనూ మామా కొన్ని రోజులు పోయి వస్తాం. ఇల్లు నీ చేతుల్లో పెడుతున్నా. మిద్దె మీద జెండా పగలూ రాత్రీ ఉండాలి. అది దిగితే నాకు తెలుస్తుంది,” అన్నాడు.

నా పాస్‌పోర్టు అడిగాను. బీరువాలో భద్రంగా ఉంది, తిరిగి వచ్చి నా చేత్తో ఇస్తాను అన్నాడు. బీరువా తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. నేను ఇల్లు వదిలి పోతే పారిపోయిన కేసు రాయక తప్పదని, అది తనకు ఇష్టం లేదని కూడా అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

వాళ్ళిద్దరినీ కరీముల్లా కారులో అమ్మాన్‌కు తీసుకుపోయాడు. దింపి వెంటనే వెనక్కి వస్తాడు. ఆయన వస్తే ఇద్దరం కలిసి ఇల్లు చూసుకుంటాం. బియ్యం, రవ్వ, డబ్బాల టమాటా ఉన్నాయి. మొన్నటి నుంచి కరెంటు, నీళ్ళు ఆపేశారు. గేటు ముందు సిపాయిలు ఉన్నారు. లోపలికి రాలేదు.

నాకు రాయాలంటే మునాఫ్ పేరున రాయి. మునాఫ్ అంటే కరీముల్లా చిన్నాన్న కొడుకు. బాగ్దాద్‌లో మన దేశపు కంపెనీలో లారీ డ్రైవరు. వాళ్ళ బొంబాయి ఆఫీసుకు పంపితే వారానికి ఒకసారి కంపెనీ టపా సంచిలో బాగ్దాద్‌కు పోతుంది. సరుకు వేసుకుని అతను ఇక్కడికి వస్తుంటాడు. కంపెనీ అడ్రసు వెనక రాశాను.

వెంకటేశ్వరి


రాజంపేట,
1990 సెప్టెంబరు 11

అక్కకు,

పెంచల్ నిన్న దిగాడు. నీ ఉత్తరం ఇచ్చాడు. మనిషి సగం అయ్యాడు, కానీ వచ్చాడు. చిట్వేలి వాళ్ళు వచ్చారు, కోడూరు వాళ్ళు వచ్చారు. పాస్‌పోర్టు లేనివాళ్ళకు మన ఆఫీసర్లు తెల్ల కాగితం మీద ఫోటో అంటించి ఇస్తున్నారని, దాంతో విమానం ఎక్కించుకుంటున్నారని పెంచల్ చెప్పాడు. ఆ సంగతి నీకూ చెప్పాడట. వాళ్ళ గుంపుతో రమ్మని బతిమాలితే, ఇల్లు చూసుకోవాలి అన్నావట.

ఎవరి ఇల్లు? నీ బిడ్డ ఇక్కడ మా ఇంట్లో ఉంది.

నిన్నటి నుంచి నేను తల ఎత్తుకోలేకపోతున్నాను. కరీముల్లా, నువ్వు కలిసి ఇల్లు చూసుకుంటారని నీ ఉత్తరంలో ఉన్న మాట పెంచల్ నోటి నుంచి కూడా ఊళ్ళో పడింది. ఈ రోజు మొదటి ట్రిప్పులోనే మన పక్క వీధి ఆవిడ బస్సు నిండా జనం ఉండగా అడిగింది. “ఏం కండక్టరూ, మీ అక్క బంగళాకు రాణి అయిందంట గదా. రాజు ఎవురు, మన కరీముల్లానేనా?” అంది. జనం నవ్వారు. నేను ఆవిడకు టికెట్టు కొట్టి ఇచ్చాను. ఇంకేం చేయగలను?

గౌసియా బీ ఇంటికి పోయి, నీ మొగుడి నుంచి ఉత్తరం ఉందా అని అడిగాను. లేదంది. ఊళ్ళో మాట చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అంది, “నా మొగుడు మీ అక్క కాడ ఉండాడంటే, ఆయనకింత కూడు దొరుకుతాండాదని నేను నిమ్మళంగా ఉండా. నీకెందుకు కడుపు మండుతాది?”

ఆమెకు సిగ్గు లేకపోతే నాకుంది. యజమానులు పోయిన ఇంట్లో, ఒక మొగమనిషితో ఒంటరిగా ఎందుకు ఉన్నావో రాయి. రాయడం కాదు, బయలుదేరు. రాకపోతే ఊరు అంటున్నది నిజమే అనుకుంటాను. అరుణజ్యోతికి కూడా అట్లాగే చెబుతాను.

సుధాకర్


రాజంపేట,
1990 సెప్టెంబరు 22

అక్కా,

పదకొండో తేదీ నేను రాసిన ఉత్తరం నీకు అందకూడదని కోరుకుంటున్నాను. అంది ఉంటే దాన్ని చించెయ్యి.

కరీముల్లా పోయిన సోమవారం ఇల్లు చేరాడు. గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అమ్మాన్‌లో సార్‌ను హోటల్ దగ్గర దింపాడట. కారు ఇక్కడి మా రాయబారి ఆఫీసులో పెట్టిరా అని సార్ అంటే పెట్టాడు. అక్కడ తాళాలు తీసుకుని, నీతో పని అయిపోయింది పొమ్మన్నారట. తిరిగి హోటల్‌కు పోతే సార్ విమానం ఎక్కేశాడు. కువైట్‌కు వెనక్కి పోదామంటే బార్డర్‌లో రానివ్వలేదు. ఎడారిలో గుడారాల మధ్య పంతొమ్మిది రోజులు ఉన్నాడు. అక్కడి నుంచి నీకు కబురు పంపే దారి లేకపోయిందని ముందు అదే చెప్పాడు.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని రెండుసార్లు చదువు. నీ పాస్‌పోర్టు ఆ ఇంట్లో లేదు.

కరీముల్లా చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. “బార్డర్ కాడ సార్ చేతిపెట్టె తెరిచి నా పాస్‌పోర్టు తీసి ఇచ్చినాడు. దాని కిందనే మీ అక్కది ఉండె. నా కండ్లతో చూసినా. ఆమెది ఇక్కడుండాదే సార్ అంటే, ఇది నా దగ్గర ఉంటేనే ఆమె ఆడ ఉంటాది అన్నాడు. నవ్వుతా అన్నాడు సుధాకరా.”

దారి పొడుగునా కారులో సార్ మామాతో చెప్పింది కూడా విన్నాడు. బాగ్దాద్ అడిగితే మూసి వచ్చాం అని చెప్పాలి, మనుషులెవరూ లేరు గదా. కువైట్ రాజు మనుషులు అడిగితే మూయలేదు అని చెప్పాలి, జెండా ఉంది గదా. జెండా ఉన్నంతకాలం రెండు మాటలూ చెల్లుతాయి అన్నాడట.

అవి చెల్లాయి. నిన్నటి పేపరులో విదేశీ వార్తల్లో ఆరు లైన్లు వేశారు. మీ సార్ మళ్ళీ ఆర్థిక మంత్రి అయ్యాడు. కువైట్‌లో తమ జెండా ఒక్క రోజు కూడా దిగలేదని ప్రమాణం చేసిన రోజే చెప్పాడట. నీ పేరు లేదు. సిబ్బంది కాపాడారు అని మాత్రం ఉంది.

పారిపోయిన కేసు పెడతాడని భయపడుతున్నావని కరీముల్లా చెప్పాడు. అక్కా, కఫీలే పారిపోయాడు. కేసు రాసుకునే పోలీసులు పారిపోయారు. ఆ చట్టం చేసిన రాజు కూడా దేశంలో లేడు. ఇంక నీ మీద కేసు ఎవడు పెడతాడు?

ఇదే ఉత్తరం మూడు రాశాను. ఒకటి మునాఫ్ కంపెనీకి, ఒకటి అమ్మాన్‌లో మన ఆఫీసుకు, ఒకటి ఢిల్లీకి. ఏదో ఒకటి అందాలి.

సుధాకర్


కువైట్,
1990 సెప్టెంబరు 25

సుధాకర్‌కు,

పదకొండో తేదీ నువ్వు రాసింది మునాఫ్ ఈ పొద్దు ఇచ్చాడు. జవాబు ఇప్పుడే రాసివ్వమన్నాడు, లారీ ఆగదు.

కరీముల్లా పోయిన రోజు నుంచి తిరిగి రాలేదు. ఉన్నాడో లేడో తెలియదు. ముప్పై నాలుగు రోజులుగా ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన పోయి ఉంటే గౌసియా బీకి ఏమని రాయాలా అని నేను చూస్తుంటే, నువ్వు ఈ ఉత్తరం రాశావు.

నేను ఎట్లా బతుకుతున్నానో నువ్వు అడగలేదు. చెబుతాను. తోటలో మామా ఈదే తొట్టి ఉంది. ఆ నీళ్ళు గుడ్డతో వడగట్టి కాచి తాగుతున్నాను. గ్యాసు అయిపోయింది. ఆఫీసు కుర్చీలు విరిచి పొయ్యిలో పెడుతున్నాను. రోజూ పొద్దున మిద్దె ఎక్కి జెండా తాడు చూస్తాను. దుమ్ముగాలికి జెండా రెండు చోట్ల చిరిగితే దించకుండానే నిచ్చెన వేసుకుని కుట్టాను. గేటు దగ్గరి సిపాయి బస్రా పల్లెటూరి వాడు. ఆ గుడ్డ ఎందుకమ్మా, తీసి పడెయ్యమంటే మేమే పడేస్తాం అంటాడు. పడేస్తే నా కొలువు పోతుందని చెప్పాను. అతనికి రెండు రొట్టెలు ఇస్తే లోపలికి ఎవరినీ రానివ్వడు.

తెల్ల కాగితం సంగతి నాకు తెలియక కాదు. దాంతో ఇంటికి రావచ్చు. మళ్ళీ ఎట్లా పోవాలి? వీసా ఉన్నది పాస్‌పోర్టులో. పారిపోయిన కేసు పడిన ఆడమనిషిని ఈ చుట్టుపక్కల ఏ దేశమూ అడుగు పెట్టనివ్వదు. యుద్ధం ఎప్పటికైనా ఆగుతుంది. ఆగినాక అరుణజ్యోతి చదువు దేంతో సాగాలి? నీ టికెట్ల సంచితోనా?

సార్ మాట జవదాటొద్దు, చెప్పిన పని చెప్పినట్టు చెయ్యి అని జూన్‌లో రాసింది నువ్వు. నీకు డ్రైవరు వీసా కావాలి గదా, అందుకు. ఆ ఉత్తరం కూడా నా దగ్గరే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. జూన్‌లో ఆయన పెద్దమనిషి. సెప్టెంబరులో నేను చెడిపోయినదాన్ని. నడుమ నేను చేసిందల్లా నువ్వు చెప్పింది చెయ్యడమే.

బస్సులో ఆ మాట అన్న ఆవిడకు టికెట్టు కొట్టి ఇచ్చానని రాశావు. నేనైతే బస్సు ఆపి దించేదాన్ని.

అరుణజ్యోతికి ఏం చెబుతావో చెప్పుకో. నేను వచ్చినాక దాంతో నేను చెప్పుకుంటాను.

వెంకటేశ్వరి


అమ్మాన్,
1990 అక్టోబరు 10

సుధాకర్‌కు,

బయటపడ్డాను. గుడారాల్లో ఉన్నాను. ఎల్లుండి విమానం అంటున్నారు. ఈ ఉత్తరం ఈ పొద్దు విమానంలో పోయేవాళ్ళకు ఇస్తున్నాను. నాకంటే ముందు ఇది చేరాలి.

నీ రెండో ఉత్తరం మూడో తేదీ సాయంత్రం మునాఫ్ తెచ్చి ఇచ్చాడు. కరీముల్లా బతికి ఉన్నాడని చదివి కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. పాస్‌పోర్టు సంగతి నమ్మలేదు. నువ్వు అబద్ధం రాస్తావని కాదు. నలభై రెండు రోజులు ఒక బీరువాకు కాపలా ఉన్నదాన్ని, దాన్ని నా కళ్ళతో చూడాలి. కారు షెడ్డులో జాకీ రాడ్డు ఉంటే తెచ్చి తెల్లవారినాక తాళం పగలగొట్టాను. లోపల ఒక అట్టపెట్టె, దాన్నిండా పేపరు ముక్కలు. అన్నింటిలోనూ సార్ ఫోటోలే. ఎవరితోనో చేతులు కలుపుతూ, ఏదో కాగితం మీద సంతకం పెడుతూ, విమానం దిగుతూ. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం దారంతో కట్టి పెట్టుకున్నాడు. వాటి కింద ఏమీ లేదు. బీరువా అడుగు దాకా తడిమి చూశాను.

మిద్దె ఎక్కి జెండా దించాను. మడిచి వంటింట్లో ఉల్లిగడ్డల బుట్టలో వేశాను. గేటు దాటుతుంటే సిపాయి పైకి చూసి, “ఖలాస్?” అన్నాడు. ఖలాస్ అన్నాను. పాపం, రొట్టెల సంగతి అడగలేదు. అక్కడి నుంచి మన ఆఫీసర్లు పేర్లు రాసుకునే బడి దాకా నడిచి పోయి తెల్ల కాగితం తీసుకున్నాను. బస్రా, బాగ్దాద్, ఎడారి. బస్సు దారి నాలుగు రోజులు పట్టింది.

ఇక్కడికి వచ్చినాక సార్ దేశపు రాయబారి ఆఫీసు ఎక్కడని అడిగి ఒక్కదాన్నే పోయాను. పేరు చెప్పి నా పాస్‌పోర్టు ఇవ్వండి అన్నాను. గుమాస్తా లోపలికి పోయి చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. బయటికి వచ్చేసరికి ఒక చేతిలో నా పాస్‌పోర్టు, ఇంకో చేతిలో టైపు కొట్టిన అరబ్బీ కాగితం ఉన్నాయి. ఆ పాస్‌పోర్టు ఆగస్టు నుంచి అక్కడే ఉందట.

కాగితంలో ఏముందని అడిగితే చదివి వినిపించాడు. మంత్రిగారు నన్ను నా ఇష్టం మీదనే అక్కడ ఉంచారని, నేను బయలుదేరిన రోజున కూడా జెండా ఎగురుతూనే ఉందని, అది ఎప్పుడూ దిగలేదని. నాలుగో తేదీ జెండా దిగిందని ఇరాక్ వాళ్ళు రేడియోలో చెప్పారట. వాళ్ళ దేశపు సభలో మంత్రిని నిలదీస్తున్నారట. అందుకని నా సంతకం కావాలి. “సంతకం పెట్టు, పాస్‌పోర్టు తీసుకో,” అన్నాడు. గుమాస్తా కూడా మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు.

ఆ టీ నేను తాగలేదు. సార్ కుర్చీలో కూర్చోమన్న రోజు గుర్తుంది.

నేను వేలిముద్ర దాన్ని కాను, నాకు మా భాషలో రాయడం వచ్చు, కాగితం కింద నా మాటగా నాలుగు లైన్లు రాసి సంతకం పెడతాను అన్నాను. ఇంకా మంచిది, మంత్రిగారు సంతోషిస్తారు, తేదీ కూడా వెయ్యి అన్నాడు. కలం ఇచ్చాడు. ఇట్లా రాశాను:

“పైన టైపు కొట్టింది అబద్ధం. నేను ఇష్టపడి ఉండలేదు. ఈయన నా పాస్‌పోర్టు తన పెట్టెలో పెట్టుకుపోయి, ఇంట్లో ఉందని చెప్పి నలభై మూడు రోజులు నన్ను జెండాకు కాపలా పెట్టాడు. 1990 అక్టోబరు 4న ఉదయం ఎనిమిది గంటలకు ఆ జెండాను నా చేతులతో నేనే దించాను. గడ్డం వెంకటేశ్వరి, వంటమనిషి, రాజంపేట, కడప జిల్లా.”

గుమాస్తా అక్షరాలు గుండ్రంగా ఉన్నాయన్నాడు. సిరా ఆరేదాకా ఆగి ముద్ర వేసి పాస్‌పోర్టు నా చేతిలో పెట్టాడు. ఆ కాగితం ఈ వారమే మంత్రిగారికి పోతుందట, సభలో అందరి ముందు పెడతారట. పెట్టమన్నాను. ఆ దేశంలో తెలుగు చదివేవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. ఉంటే చదువుతారు. లేకపోయినా ఆయన ఫైలులో అది ఉంటుంది.

పాస్‌పోర్టు జాకెట్టులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మద్రాసు మెయిలు ఎక్కేముందు బొంబాయిలో తంతి ఇస్తాను. స్టేషనుకు నువ్వు రావద్దు. నీ రెండో ఉత్తరం నన్ను బయటికి తెచ్చింది, ఆ మాట కాదనను. మొదటి ఉత్తరం మీద కోపం మాత్రం తగ్గలేదు. తగ్గినప్పుడు నేనే చెబుతాను. అరుణజ్యోతిని ఇచ్చి కరీముల్లాను, గౌసియా బీని పంపు. జట్కా మాట్లాడొద్దని చెప్పు. స్టేషను నుంచి బజారు మీదుగా మన వీధి దాకా వాళ్ళిద్దరి మధ్యన నడిచి వస్తాను. నీ బస్సులో నవ్విన వాళ్ళందరూ చూడాలి.

అక్క
వెంకటేశ్వరి